ఆలస్యంగా పుట్టిన కీలు

*పదునైన దవడ కావాలన్న మోజు కుర్రకారును పట్టుకుంది. ఆ దవడను మోసే కీలు సంగతి మాత్రం ఎవరికీ పట్టదు. తల్లి కడుపులో పెద్ద కీళ్లన్నిటికన్నా వెనకగా తయారై, ఇరవై ఏళ్లదాకా రూపు దిద్దుకుంటూ, ముద్ద నుంచి మాట దాకా అన్నీ నడిపించే ఆ బుల్లి కీలు కథే ఈ వారం ముఖచిత్ర కథనం.*

"నోరు తెరువు బాబూ."

కుర్రాడు తెరిచాడు. తెరిచాననే అనుకున్నాడు. డెంటల్ కుర్చీ మీద లైటు వెలుగులో పై పళ్లకూ కింది పళ్లకూ నడుమ కనిపించింది వేలెడు సందే.

"ఇంకొంచెం."

"అంతే మేడమ్. బలవంతం చేస్తే ఇక్కడ పొడిచినట్టవుతోంది." చూపుడువేలు కుడి చెవి ముందు ఆనించాడు.

పక్కనే నిలబడ్డ తల్లి మాట అందుకుంది. "చెవిపోటనుకున్నామమ్మా. వారం పాటు చుక్కల మందు వేశాం. ఈఎన్‌టీ డాక్టరు గారు చూసి, చెవి శుభ్రంగా ఉంది, దవడ చూపించుకోండి అన్నారు. ఆదివారం వీడికిష్టమని మటన్ వండితే ముక్క ముట్టలేదు. దోసె కూడా తుంపి తుంపి లోపలికి తోసుకుంటున్నాడు."

డాక్టరమ్మ రెండు చెవుల ముందూ వేళ్లు ఆనించి, చెంపలు నొక్కి చూసింది. "గుట్కా, వక్కపొడి ఏమైనా నములుతావా?"

"అయ్యో, లేదు మేడమ్." కాసేపు తటపటాయించి బ్యాగులోంచి ఒక వస్తువు తీశాడు. నల్లటి రబ్బరు ఉండ, రెండు వైపులా పళ్లు దిగబడిన గుర్తులు. ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నది. "జాలైన్ కోసం మేడమ్. రోజూ గంటసేపు."

తల్లి ఆ ఉండ వంకా కొడుకు వంకా మార్చి మార్చి చూసింది. ఊరు మారుతుంది, పేరు మారుతుంది గానీ దంతవైద్యుల గదుల్లో ఈ సన్నివేశం ఇప్పుడు కొత్తేం కాదు.

రీల్స్ నిండా దవడలే

ఫోన్ తెరిస్తే చాలు, దవడ గీత ఎలా తెచ్చుకోవాలో చెప్పే వీడియోలు వరస కడతాయి. నాలుకను అంగిలికి నొక్కి పట్టుకుంటే ముఖం తీరే మారిపోతుందనే ‘మ్యూయింగ్’ వాటిలో ఒకటి. బ్రిటన్‌కు చెందిన ఆర్థోడాంటిస్టులు జాన్ మ్యూ, ఆయన కొడుకు మైక్ మ్యూల పేరు మీద పుట్టిన మాట అది. దాని వెనకే రబ్బరు ఉండలు, మామూలు వాటికన్నా గట్టి చూయింగ్ గమ్‌లు బజారుకొచ్చాయి. నాలుక నొక్కుడుతో ముఖం ఎముకలు రూపు మారతాయనడానికి సరైన శాస్త్రీయ ఆధారం లేదని అమెరికా ఆర్థోడాంటిస్టుల సంఘం చెప్పింది. ఆ మాట రీల్స్ అంత వేగంగా పాకలేదు.

గట్టిగా నమిలితే పెద్దవాళ్లలో పెరిగేది ఎముక కాదు, చెంపలో ఉండే మాసెటర్ కండరం. అది లావైతే ముఖం కింది భాగం వెడల్పవుతుంది తప్ప పదునెక్కదు. ఇదే కండరాన్ని తగ్గించుకోవడానికి బొటాక్స్ సూదులు వేయించుకునేవాళ్లు మరోపక్క ఉన్నారు. ఒకరు పెంచమంటారు, ఇంకొకరు తగ్గించమంటారు. ఆ బరువంతా చివరికి చేరే చోటు గురించి ఇద్దరూ ఆలోచించరు.

చెవి ముందున్న జంట

చెవి రంధ్రానికి సరిగ్గా ముందు వేలు పెట్టి ఒకసారి నోరు తెరిచి మూయండి. వేలి కింద కదిలేదే ఆ కీలు. పేరు టెంపరోమాండిబ్యులర్ జాయింట్, డాక్టర్ల నోట పొట్టిగా టీఎంజే. కింది దవడ ఎముక రెండు కొసలూ చెవుల దాకా పైకి లేచి గుండ్రటి బుడిపెలుగా ముగుస్తాయి. కణత ఎముక అడుగున ఆ బుడిపె ఇమిడే గుంట ఉంటుంది. గుంటకు ముందు చిన్న మిట్ట. బుడిపెకూ గుంటకూ నడుమ ఒక మెత్తటి డిస్క్, మధ్యలో పలుచగా, అంచుల్లో దళసరిగా. ఇది కీలును పై అర, కింది అర అని రెండుగా విడదీస్తుంది.

రెండు అరలకు రెండు పనులు. నోరు తెరవడం మొదలుపెట్టినప్పుడు కింది అరలో బుడిపె ఉన్నచోటే తలుపు బందులా తిరుగుతుంది. పళ్ల మధ్య 20, 25 మిల్లీమీటర్ల ఎడం వచ్చేదాకా ఇంతే. అంతకుమించి తెరవాలంటే పై అరకు పని పడుతుంది. బుడిపె, డిస్క్ కలిసి గుంట వదిలి ముందున్న మిట్ట మీదికి జారతాయి. మామిడిపండు కొరికినా, పెద్దగా ఆవులించినా జరిగేది అదే. నోరు మూస్తే రెండూ మళ్లీ గుంటలోకి వస్తాయి. మాట్లాడటం, నమలడం, మింగడం కలుపుకుని ఈ కీలు రోజుకు 1500 నుంచి 2000 సార్లు కదులుతుందని ఒక అంచనా.

మోకాలు నొప్పి చేస్తే బరువంతా రెండో కాలు మీద వేసి కుంటుకుంటూ నడుస్తాం. దవడకు ఆ వెసులుబాటు లేదు. ఒకే ఎముకకు రెండు కొసల్లో రెండు కీళ్లు. ఒకటి కదిలితే రెండోది కదిలి తీరాలి. కుడివైపు మొరాయిస్తే నోరు తెరిచేటప్పుడు గడ్డం కుడికే లాగుతుంది. అద్దం ముందు నిలబడి చూసుకున్నా ఇది తెలిసిపోతుంది.

మరో తేడా కీలు లోపలి పూతలో ఉంది. తుంటి, మోకాలు, భుజం కీళ్ల అంచులకు నున్నటి గాజులాంటి మృదులాస్థి ఉంటుంది. దవడ కీలుకు ఉండేది నారతో గట్టిపడిన పొర. జారుళ్లకు, ఒరిపిడికి ఓర్చుకునే గుణం దానిది. ఆ పొరకు అడుగున ఎదుగుదల కణాలుంటాయి. ఈ కీలు కథలో మంచీ చెడూ రెండూ అక్కడి నుంచే మొదలవుతాయి.

నమలడానికి ప్రధానంగా పనిచేసేవి నాలుగు జతల కండరాలు. చెంపలో మాసెటర్, కణత మీద టెంపొరాలిస్, దవడ లోపలి వైపు మీడియల్ టెరిగాయిడ్. ఈ మూడూ నోరు మూయించేవి. నాలుగోదైన లేటరల్ టెరిగాయిడ్ బుడిపెను ముందుకు లాగి నోరు తెరిపించడంలో సాయపడుతుంది. మూయించేవి మూడు జతలు, తెరిపించడంలో సాయపడేది ఒక్కటి. ఒత్తిడిలో ఉన్న మనిషి పళ్లు బిగబట్టినప్పుడు కీలు మీద ఎంత భారం పడుతుందో ఈ లెక్కలోనే ఉంది.

---

■ వేళ్లతోనే కొలత

చూపుడువేలు, నడిమివేలు, ఉంగరంవేలు కలిపి నిలువుగా ముందుపళ్ల మధ్య పెట్టి చూడండి. పెద్దవాళ్లలో నోరు మామూలుగా 40 నుంచి 50 మిల్లీమీటర్లు తెరుచుకుంటుంది. అంటే ఎవరి మూడు వేళ్లు వాళ్లకు దాదాపుగా పడతాయి. రెండు వేళ్లకు మించి పట్టకపోతే చూపించుకోవాలి. పిల్లల విషయంలోనూ వాళ్ల వేళ్లతోనే కొలవాలి, మన వేళ్లతో కాదు.

---

కడుపులో వెనకబడ్డ పని

పిండం ఏర్పడ్డ ఏడెనిమిది వారాలకే తుంటి, మోకాలు వంటి పెద్ద కీళ్ల రూపురేఖలు తేలతాయి. దవడ కీలు అప్పటికి ఇంకా పునాదుల దగ్గరే ఉంటుంది. ఆరేడు వారాల మధ్య కింది దవడ ఎముక గట్టిపడటం మొదలవుతుంది. 7, 8 వారాల్లో బుడిపె కాబోయే కణాల ముద్ద ఒకచోట, గుంట కాబోయే ముద్ద ఇంకోచోట విడివిడిగా కనిపిస్తాయి. చాలా కీళ్లు ఒకే ముద్ద మధ్యలో చీలి రెండు ఎముకల అంచులవుతాయి. ఇక్కడ కథ తిరగబడింది. దూరంగా పుట్టిన రెండు ముద్దలు ఒకదానివైపు ఒకటి ఎదుగుతూ వచ్చి కలుసుకోవాలి. నడుమ మిగిలిన పొరే డిస్క్ అవుతుంది.

9 నుంచి 11 వారాల మధ్య డిస్క్‌కు అడుగున ఒక ఖాళీ, ఆ తర్వాత పైన ఇంకో ఖాళీ ఏర్పడతాయి. 12వ వారం దాటాక కీలు కీలులా కనిపిస్తుంది. స్పెయిన్ శాస్త్రవేత్త మెరిడా-వెలాస్కో బృందం మానవ పిండాలను పరిశీలించి 1999లో ఈ మూడు దశల క్యాలెండర్‌ను సిద్ధం చేసింది. 

మరి పిండం నోరు కదపడం పన్నెండో వారం దాకా ఆగుతుందా? ఆగదు. ఎనిమిదో వారం అటూ ఇటూగానే నోరు తెరవడం మొదలుపెడుతుంది. అసలు కీలు లేకుండా ఎలా? అప్పటికి మెకెల్ మృదులాస్థి అనే సన్నటి కడ్డీ దవడకు దన్నుగా ఉంటుంది. దాని వెనక కొస దగ్గర రెండు చిన్న ముక్కల మధ్య ఒక తాత్కాలిక కీలు పనిచేస్తుంది. అసలు కీలు వచ్చాక ఆ రెండు ముక్కలూ దవడ పని మానేసి మధ్యచెవిలో స్థిరపడతాయి. ఇవాళ మనకు శబ్దాన్ని మోసుకెళ్లే మాలియస్, ఇంకస్ ఎముకలు అవే.

కడుపులో ఆ చిరు కదలికలు ఊరికే పోవు. కోడి పిండాల కండరాలు కదలకుండా మందిచ్చి చేసిన ప్రయోగాల్లో కీళ్ల ఖాళీలు సరిగా ఏర్పడలేదు. కదిలితేనే కీలు కీలవుతుంది. ఈ సూత్రం పుట్టిన తర్వాతా వర్తిస్తుందని ముందు ముందు చూస్తాం.

---

■ చెవిలోకి వలసపోయిన ఎముకలు

కోడి, తొండ, మొసలి, పాము. వీటన్నిటి దవడ కీలు వేరు. క్వాడ్రేట్, ఆర్టిక్యులర్ అనే రెండు ఎముకల మధ్య ఉంటుంది. వాటి మధ్యచెవిలో ఉండేది ఒకే ఎముక. పాలిచ్చే జంతువులకు మాత్రం మూడు. ఆ అదనపు రెండూ ఎక్కడివి? జర్మన్ శాస్త్రవేత్త కార్ల్ రైకెర్ట్ 1837లోనే పిండాలను పరిశీలించి జవాబిచ్చాడు. సరీసృపాల దవడ కీలు ఎముకలే మన చెవిలోకి చేరాయని.

తర్వాత శిలాజాలు సాక్ష్యం చెప్పాయి. సుమారు 20 కోట్ల ఏళ్ల కిందటి మోర్గానుకోడాన్ అనే బుల్లి జంతువుకు పాత కీలు, కొత్త కీలు రెండూ పక్కపక్కనే పనిచేసేవి. బ్రిటన్‌లోని వేల్స్‌లో దొరికిన ఎముకలవి. కంగారూ కుటుంబంలో ఆ వరస నేటికీ కళ్లెదుట కనిపిస్తుంది. పూర్తిగా ఎదగకుండానే పుట్టే పిల్ల మొదటి రోజుల్లో పాత కీలుతోనే పాలు తాగుతుంది. కొత్త కీలు పుట్టాకే తయారవుతుంది.

ఈ కథలో మన నేలకూ చోటుంది. ప్రాణహిత–గోదావరి లోయలోని కోట శిలాస్తరాల్లో జురాసిక్ కాలపు తొలి క్షీరదాల బుల్లి పళ్లు దొరికాయి. వాటిలో ఒకదానికి 1981లో ‘కోటథీరియం హాల్డేనీ’ అని పేరు పెట్టారు. హాల్డేన్ అంటే భారత పౌరసత్వం తీసుకున్న శాస్త్రవేత్త జె.బి.ఎస్.హాల్డేనే. అవే స్తరాల్లో ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటసారస్ అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది. పిల్లలు దాని నిలువెత్తు చూసి నోళ్లు తెరుస్తారు. అలా తెరిపించే కీలు వంశం దాని అడుగుల దగ్గర తిరిగిన ఎలుకంత జంతువులది.

---

పుట్టాక కూడా పూర్తికాని పని

పసిబిడ్డ దవడ కీలులో గుంట దాదాపు చదునుగా ఉంటుంది. ముందున్న మిట్ట జాడే ఉండదు. అడ్డు లేదు గనక కింది దవడ సులువుగా ముందుకూ వెనక్కూ జారుతుంది. తల్లిపాలు పీల్చడానికి కావాల్సింది ఆ జారుడే. పుట్టేనాటికి కింది దవడ గడ్డం దగ్గర రెండు ముక్కలుగా ఉండి, మొదటి ఏడాదిలో ఒకటవుతుంది.

పాలపళ్లు వచ్చి నమలడం మొదలయ్యాక మిట్ట లేస్తుంది. రెండేళ్లకు పూర్తి ఎత్తులో సగానికి దగ్గరగా, పదేళ్లకు ముప్పాతికకు కాస్త తక్కువగా చేరి, ఇరవయ్యో ఏటికి దాదాపు పూర్తవుతుంది. గుంట కూడా లోతవుతుంది. బుడిపె పై పొర అడుగునున్న కణాలు కొత్త మృదులాస్థిని, దాని నుంచి ఎముకను తయారు చేస్తూ కింది దవడను పొడవు చేస్తాయి. గడ్డం కిందికీ ముందుకూ రావడానికి ఈ ఎదుగుదల చాలా అవసరం.

అంటే కూతురు పరికిణీ నుంచి ఓణీకి వచ్చేసరికి, కొడుకు ఇంటర్ దాటి ఇంజినీరింగ్‌లో చేరేసరికి కూడా ఆ కీలు ఇంకా తయారీలోనే ఉంది. రబ్బరు ఉండ నమిలే కుర్రాడి వయసు ఏమిటో ఇప్పుడు గుర్తు చేసుకోండి. ఎదుగుతున్న కీలుకు పనీ కావాలి, విశ్రాంతీ కావాలి. జొన్నరొట్టె, జామకాయ, మొక్కజొన్న కంకి నమిలితే దానికి సరిపడా వ్యాయామం దక్కుతుంది. యంత్రంలా గంటలకొద్దీ ఆడించాల్సిన అవసరం లేదు.

గడ్డం మీద పడ్డ పిల్లలు

ఈ కీలు కథలో అన్నిటికన్నా బాధాకరమైన అధ్యాయం పసివాళ్లది. మేడ మెట్ల మీద నుంచో, ఉయ్యాల మీద నుంచో, సైకిల్ మీద నుంచో బిడ్డ బోర్లా పడతాడు. గడ్డం చిట్లుతుంది. ఆర్‌ఎంపీ దగ్గర రెండు కుట్లు వేయిస్తారు. పుండు మానిపోతుంది, ఇంట్లో అందరూ మరిచిపోతారు.

దెబ్బ మాత్రం గడ్డం దగ్గర ఆగదు. ఎముక వెంట పైకి పాకి చెవి ముందున్న బుడిపెను తాకుతుంది. చిన్నపిల్లల్లో ఆ బుడిపె పొట్టిగా, మెత్తగా, రక్తనాళాలతో నిండి ఉంటుంది. అది నలిగితే కీలు లోపల రక్తం చేరుతుంది. నొప్పికి బిడ్డ నోరు కదపడు. కదలని కీలులో ఆ రక్తం గడ్డకట్టి, నారగా మారి, కొన్ని నెలలకు ఎముకై కూర్చుంటుంది. దవడ ఎముక కణత ఎముకకు అతుక్కుపోతుంది. ఆంకిలోసిస్ అంటారు దీన్ని. సరిగా వైద్యం అందని చెవి ఇన్‌ఫెక్షన్ కీలులోకి పాకినా ఇదే పరిస్థితి రావచ్చు. మన దేశంలో ఎక్కువగా కనిపించే కారణం మాత్రం దెబ్బే.

ఆ తర్వాత ఏళ్ల తరబడి కష్టాలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ముద్ద లోపలికి పోదు. అన్నం మెత్తగా పిసికి పళ్ల సందులోంచి తోయాలి. బ్రష్ వెళ్లదు, పళ్లు పుచ్చిపోతాయి, తీద్దామంటే నోరు తెరుచుకోదు. ఎదుగుదల కణాలు దెబ్బతిన్నాయి గనక గడ్డం వెనక్కి ఉండిపోతుంది. ఒక పక్కే అతుక్కుంటే ముఖం ఆ పక్కకు వంకరవుతుంది. దవడ చిన్నదైతే గొంతు దారి ఇరుకవుతుంది. బిడ్డ రాత్రి గురక పెడతాడు, ఊపిరాడక లేచి కూర్చుంటాడు, పగలు బడిలో తూగుతాడు. బళ్లో పిల్లలు పెట్టే పేర్లు వీటన్నిటికీ అదనం.

ఆపరేషన్ ఉంది. అతుక్కున్న ఎముకను తీసేసి, ఆ ఖాళీలో కణత కండరపు పొరను పరుస్తారు. ఎదిగే పిల్లలకు అవసరమైతే పక్కటెముక ముక్కను మృదులాస్థితో సహా తెచ్చి కొత్త బుడిపెగా అమరుస్తారు. నోరు తెరుచుకోదు గనక మత్తు ఇవ్వడమే పెద్ద పరీక్ష. సన్నటి కెమెరా గొట్టాన్ని ముక్కులోంచి పంపి గాలి గొట్టం అమర్చాలి.

ఆపరేషన్‌తో సగమే అయినట్టు. మిగతా సగం ఇంట్లో జరగాలి. ఐస్‌క్రీమ్ పుల్లల్లాంటి చెక్క పుల్లలు పళ్ల మధ్య ఒకదాని మీద ఒకటి పెంచుకుంటూ రోజుకు ఎన్నోసార్లు నోరు తెరిపించే వ్యాయామం నెలల తరబడి చేయించాలి. బిడ్డ ఏడుస్తాడు, తల్లికి చేతులాడవు. జాలిపడి మానేస్తే కీలు మళ్లీ అతుక్కుంటుంది, మళ్లీ ఆపరేషన్ బల్ల ఎక్కాలి. ఈ బిడ్డల విషయంలో గెలుపోటములు చాలావరకు తేలేది ఇంటి దగ్గరే.

టకటక, ఆపైన నొప్పి

పెద్దవాళ్ల బాధలు వేరు. అన్నం తింటుంటే చెవి దగ్గర టక్‌మని చప్పుడు. డిస్క్ తన చోటి నుంచి ముందుకు జరిగి, నోరు తెరిచినప్పుడు మళ్లీ బుడిపె మీదికి ఎక్కే చప్పుడది. కొందరిలో అది ఎక్కడం మానేస్తుంది. అప్పుడు చప్పుడూ ఆగిపోతుంది, నోరూ సగమే తెరుచుకుంటుంది. అయితే చప్పుడు వినగానే హడలిపోనక్కర్లేదు. ఏ నొప్పీ లేని వాళ్లకు ఎంఆర్‌ఐ తీసి చూస్తే వాళ్లలోనూ దాదాపు మూడో వంతు మందికి డిస్క్ జరిగి ఉంది. నొప్పి లేకుండా, నోరు బాగా తెరుచుకుంటుంటే చప్పుడుకు చికిత్స అక్కర్లేదు.

నొప్పితో బాధపడేవాళ్లు జనాభాలో 5 నుంచి 12 శాతం ఉంటారని అమెరికా జాతీయ దంత పరిశోధన సంస్థ అంచనా. వైద్యానికి వచ్చేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. అదే దేశంలో మూడు వేల మందికి పైగా ఆరోగ్యవంతులను ఏళ్ల తరబడి గమనించిన ‘ఒపెరా’ అధ్యయనం ఒక ఆసక్తికరమైన సంగతి చెప్పింది. దవడ నొప్పి ఎవరికి వస్తుందో పళ్ల వరస చూసి చెప్పడం కష్టం. నిద్ర సరిగా పట్టనివాళ్లకు, ఒంట్లో ఇతర చోట్ల నొప్పులున్నవాళ్లకు, మనసు నలిగినవాళ్లకు వచ్చే అవకాశం ఎక్కువ.

రాత్రిళ్లు పళ్లు కొరికే పిల్లలకు కడుపులో పురుగులని మన పెద్దలంటారు. నులిపురుగుల మందు వేయించడం మంచిదే, కానీ పళ్లు నూరుకోవడానికి కారణాలు నిద్రలో, ఆందోళనలో వెతకాలి. పగటిపూట బిగింపు ఇంకా దొంగది. కంప్యూటర్ ముందు, ట్రాఫిక్‌లో, పరీక్ష హాల్లో పళ్లు కరుచుకుని కూర్చుంటాం, ఆ సంగతి మనకే తెలియదు. మామూలుగా రోజు మొత్తంలో పై పళ్లూ కింది పళ్లూ తగిలే సమయం అరగంట కూడా ఉండకూడదు.

ఇక చెవి గోల. అమెరికాలో సెయింట్ లూయిస్‌కు చెందిన ఈఎన్‌టీ వైద్యుడు జేమ్స్ కాస్టెన్ 1934లో రాసిన వ్యాసంతో ఇది వెలుగులోకి వచ్చింది. చెవి నొప్పి, చెవి దిబ్బడ, హోరుతో వచ్చే కొందరిలో అసలు బాధ దవడ కీలుదని ఆయన గుర్తించాడు. ఆయన చెప్పిన కారణాల్లో చాలావాటిని తర్వాతివాళ్లు కొట్టేశారు. ఆ గమనిక మాత్రం నిలిచింది. కీలుకూ చెవి ముందు భాగానికీ స్పర్శ అందించే నరం ఒకటే కావడంతో నొప్పి ఎక్కడిదో మెదడు తేల్చుకోలేదు.

---

■ నోరు తెరుచుకోకపోతే అన్నిసార్లూ కీలే కాదు

గుట్కా, వక్కపొడి అలవాటుంటే బుగ్గల లోపలి పొర నారకట్టి బిగుసుకుంటుంది. అది క్యాన్సర్‌కు దారితీయగల జబ్బు. జ్ఞానదంతం దగ్గర చీము పట్టినా నోరు పట్టేస్తుంది. గాయమైన కొన్ని రోజులకు దవడ బిగిస్తే ధనుర్వాతం కావచ్చు, క్షణం ఆలస్యం చేయకూడదు. నడిచినా మెట్లెక్కినా దవడ లాగుతూ, ఛాతీలో బరువు, చెమటలు ఉంటే వెళ్లాల్సింది దంతవైద్యుడి దగ్గరికి కాదు, గుండె ఆసుపత్రికి.

■ ఆవులిస్తే దవడ జారింది

ఒక్కోసారి బుడిపె మిట్ట దాటి అవతలికి పోయి ఇరుక్కుంటుంది. తెరిచిన నోరు మూతపడదు, మాట రాదు, చొంగ కారుతుంది. క్రీస్తు పూర్వం 1600 నాటి ఈజిప్టు వైద్య పత్రం ఎడ్విన్ స్మిత్ పాపిరస్‌లో దీన్ని సరిచేసే పద్ధతి ఉంది. బొటనవేళ్లు నోటిలో, మిగతా వేళ్లు గడ్డం కింద పెట్టి దవడను సర్దడమే. నేటి క్యాజువాలిటీలోనూ దాదాపు అదే చేస్తారు. దంతాల వెనక దవడను కిందికి నొక్కి వెనక్కి తోస్తారు. సుశ్రుత సంహిత కూడా జారిన దవడకు కాపడం పెట్టి, చోటికి చేర్చి, పంచాంగి అనే కట్టు కట్టమంది. ఇంట్లో ఎవరూ ప్రయత్నించొద్దు. కండరాలు ఒక్కసారిగా బిగిస్తే వేళ్లు నలుగుతాయి, ఎముక విరగొచ్చు. ఒకసారి జారినవాళ్లు ఆవులింత వచ్చినప్పుడు గడ్డం కింద పిడికిలి ఆనించుకోవాలి.

---

కత్తికి తొందరపడిన కాలం

ఎడిన్‌బరో సర్జన్ థామస్ అన్నాండేల్ 1887లో జరిగిపోయిన డిస్క్‌ను కుట్టి చోటికి తెచ్చినట్టు ప్రకటించాడు. ఆపై దాదాపు వందేళ్లు, చెడ్డ డిస్క్‌ను సర్దడమో తీసేయడమో పరిష్కారమన్న ధోరణి సాగింది. 1980లలో అమెరికాలో డిస్క్ తీసేసిన చోట టెఫ్లాన్ పూసిన కృత్రిమ పలక పెట్టడం మొదలైంది. 1983 నుంచి అమ్మిన ఆ పలకలు నమిలే ఒరిపిడికి పొడిపొడిగా రాలాయి. ఆ పొడిని తినేయబోయిన శరీర కణాలు పక్కనున్న ఎముకనూ తినేశాయి. కొందరికి పుర్రె అడుగు ఎముక దాకా నష్టం పాకింది. 1990 చివర్లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది, మరుసటి ఏడాది పలకలను వెనక్కి రప్పించింది. వాటిని పెట్టించుకున్నవాళ్లలో చాలామంది జీవితకాలపు నొప్పితో మిగిలారు. వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు.

ఆ దెబ్బతో వైద్యం నెమ్మదించింది, అది మంచికే జరిగింది. అంతకు చాలా ముందే, 1975లో, జపాన్‌కు చెందిన మసతోషి ఒనిషి ఈ కీలులోకి సన్నటి దుర్భిణి పంపాడు. 1991లో జెరూసలేం వైద్యురాలు డోరిట్ నిట్జాన్ రెండు సూదులతో కీలును కడిగే పద్ధతిని పరిచయం చేసింది. పట్టేసిన దవడలు చాలావరకు తెరుచుకున్నాయి. పూర్తిగా పాడైన కీలుకు ఇప్పుడు లోహం, పాలిథిలీన్‌తో చేసిన కృత్రిమ కీలు ఉంది.

దీర్ఘకాలపు నొప్పికి ఏం చేయాలో 2023 డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్ మార్గదర్శకాలు ప్రచురించింది. నిపుణుల పర్యవేక్షణలో దవడ వ్యాయామాలు, చేత్తో చేసే ఫిజియోథెరపీ, నొప్పిని ఎదుర్కొనే మానసిక చికిత్సలకు అగ్రాసనం వేసింది. డిస్క్ తీసేయడం, పళ్ల వరసను శాశ్వతంగా మార్చేసే పరికరాలు వద్దని గట్టిగా చెప్పింది. పళ్లు అరగదీసి, తొడుగులు వేసి, "మీ కొరుకుడు సరిచేస్తే నొప్పి పోతుంది" అని లక్షల బిల్లు చూపించే చోట రెండో డాక్టరు సలహా తీసుకోవడం రోగి హక్కు.

---

■ కీలుకు సెలవిచ్చే పద్ధతి

• నొప్పి ఉన్న రెండు మూడు వారాలు పెరుగన్నం, ఇడ్లీ, పప్పన్నం, ఉప్మా. జంతికలు, చెరకు, మటన్ ఎముకలు పక్కన పెట్టాలి.
• పెదవులు మూసి, పళ్లు ఎడంగా, నాలుక కొన పై ముందుపళ్ల వెనక ఆనించి ఉంచండి. ‘న’ అనబోయేటప్పుడు నాలుక ఉండే చోటు అదే.
• రోజుకు రెండు మూడుసార్లు, పది పదిహేను నిమిషాలు వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డతో కాపడం.
• చేతి మీద గడ్డం ఆనించి కూర్చోవడం, బోర్లా పడుకోవడం, గోళ్లు కొరకడం, గంటల తరబడి గమ్ నమలడం మానాలి.
• రెండు మూడు వారాల్లో తగ్గకపోతే, నోరు రోజురోజుకూ తక్కువ తెరుచుకుంటుంటే మాక్సిలోఫేషియల్ సర్జన్‌కు చూపించాలి. ప్రభుత్వ డెంటల్ కాలేజీల్లో ఈ విభాగం ఉంటుంది.

---

చూడాల్సింది అద్దంలో కాదు

పరిణామంలో వెనకగా వచ్చింది, గర్భంలో వెనకగా తయారైంది, ఇరవై ఏళ్లదాకా రూపు దిద్దుకుంటూనే ఉంది. ఈ కీలుకు సర్దుకునే శక్తీ ఎక్కువే. పెద్దవాళ్ల దవడ నొప్పుల్లో చాలావాటికి విశ్రాంతి, వ్యాయామం, ఓపిక సరిపోతాయి. కుర్చీలోని ఆ కుర్రాడిలాంటివాళ్లకు డాక్టర్లు చెప్పే మొదటి మందు ఆ రబ్బరు ఉండను పారేయమనే.

పసివాళ్ల విషయంలో మాత్రం ఓపిక పనికిరాదు. ఎదిగే వయసులో కీలు పోతే ముఖం, తిండి, నిద్ర, చదువు అన్నీ దానితో పోతాయి. కనుక ఈ కథనం చదివిన అమ్మానాన్నలకు, అంగన్‌వాడీ టీచర్లకు, ఆర్‌ఎంపీలకు ఒకే విన్నపం. బిడ్డ గడ్డం మీద పడి దెబ్బ తగిలించుకుంటే కుట్లు వేయించి ఊరుకోకండి. అదే వారంలో దవడ ఎక్స్‌రేకు, దంతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. డాక్టరు చెప్పిన రోజు నుంచి బిడ్డ చేత నోరు కదిలించండి. ఏడాది పాటు నెలకోసారి వాడి మూడు వేళ్లు వాడి నోట్లో పడుతున్నాయో లేదో చూడండి. ఒక్క వేలు తగ్గినా ఆ రోజే బయల్దేరండి.